కెమెరా వెనుకటి చోటు

ఆశ్వయుజమాసపు వానలు వెలిసి కార్తికము ప్రవేశించిన నాళ్లలో నొకనాటి సాయంసమయమున పడమటి కొండలవరుసపై వ్రాలి నలుదెసలను పసుపుపచ్చగా మెఱయించుచున్న యెండలో దినమెల్ల నలలతో బెనగి యలసిన సముద్రము గాలిమెట్ట పాదముకడ మెల్లగా రొప్పుచుండెను. ఆ మెట్టమీద నెప్పుడో యొక చిన్న సంస్థానాధిపతి కట్టించిన కోట కలదు. కోట యనుట మర్యాదకొఱకే గాని ద్వారములూడి కప్పులు కూలి పల్లేరుతీగెలకు నుడుతలకు నిలయమైపోయిన యా ప్రదేశమున నేటికిని నిలిచియున్నది తూర్పుకొనయందలి గుండ్రని బురుజొక్కటియే. ఆ బురుజునకు పడమటి సగము కొండబండపై కుదురుగా కూర్చుండియుండెను. తూర్పు సగము మాత్రము రాతిపై రాయి పేర్చి సున్నము కూరి కట్టినదై సముద్రముదెసకు పొడుచుకొని వచ్చియుండెను. దానియంచున నడుమెత్తు పిట్టగోడయు దాని క్రింద మిక్కిలి లోతున కఱకుబండలును గలవు.

అట్టి బురుజుపై సినిమా తీయవలెనని శేషసాయి యను దర్శకునకు బుద్ధి పుట్టెను. దేశమున చదునైన నేలకు కఱవు వచ్చినట్లు ఈ సినిమావారి కన్నెల్లప్పుడును మనుష్యుడు నిలువరాని చోటులమీదనే పడుట యేలయో నాకు నేటివఱకు తెలియలేదు. కథలోని యువరాణి తూర్పున సముద్రమువంక చూచి తన నావ రాదని నిశ్చయించుకొని బురుజంచువెంబడి మెల్లగా నడచి పడమటికి వచ్చి క్రుంకుచున్న సూర్యుని వెనుకనుంచుకొని నిలువవలెను. బురుజునడుమ నిలిపిన కెమెరా యామెను విడువక తానును తిరుగుచు దృశ్యమునంతయు నడుమ తెగకుండ నొక్కబిగిని పట్టవలెను. సూర్యుడు దర్శకుని కొఱకు నిలుచువాడు కాడు కావున ఆ దృశ్యమునకు దినమున కొక్క యవకాశమే యుండెను.

ఆ యూనిట్టులో అపాయములను ముందుగా కనిపెట్టి నివారించు పని ఝాన్సీ యను యువతిది. కర్మాగారములలో ఆ విద్య నేర్చివచ్చిన యామెను అందఱును సేఫ్టీ మేడమని పిలుచుచుండిరి. ఆమె తండ్రి సింహాచలము శ్రీకాకుళమువాడు. ఆయనయు ఆ యూనిట్టులోనే మేకప్ మనిషి. నాయిక మోమున చెమట పొడమినంతనే యద్దుటకు పౌడరుపెట్టెయు నద్దమును సంచిలో నుంచుకొని కెమెరాకు చేరువగా కాచియుండుటలోనే యాయన తల నెఱసినది. ఆయనకు లోకమున రెండే గర్వములు. ఒకటి కూతురు. రెండవది తానింతకాలము పనిచేసిన సినిమాలలో నెచ్చటను తన నీడయైనను ఫీల్డులో పడకుండుట. ఫీల్డనగా కెమెరాకన్నునకు కానవచ్చు మేర. అందు అన్యుడు కనబడెనా దృశ్యము పాడు. అందుచే "ఫీల్డు క్లియర్" అను కేక చెవిని పడుటయే తడవుగా సినిమావారెల్ల పిలిచినట్లు పోయి కెమెరా వెనుక చేరుదురు. అది వారికి ఊపిరి తీయుటవంటి యలవాటు.

ఝాన్సీ పనిలో నలసత్వమెఱుగదు. ఆమె యందఱికంటె ముందుగా వచ్చి బురుజునంతయు అడుగడుగున తట్టి చూచెను. తూర్పుదెస పిట్టగోడకడ రాళ్లసందున వ్రేలు పెట్టగా వానకు నానిన సున్నము తడిబూడిదయై రాలెను. ఆమె తత్క్షణమే గోడకు దూరముగా నేలపై సుద్దతో తెల్లని గీత గీసి నాయికయైన మధూలిక దానిని దాటరాదని శాసించెను. దుస్తుల చాటున నాయికనడుమునకు బలమైన త్రాడు కట్టించి దాని రెండవకొనను పడమటిబండలో దిగగొట్టిన ఇనుపమేకునకు ముడివేయించెను. త్రాటిని సడలించుచు బిగించుచు నుండుటకు బండచాటు మెట్లపై మనుష్యులను నిలిపెను. కొండక్రింద వైద్యుని బండితో సిద్ధముగా నుంచెను. శేషసాయికి మాత్రము ఆ గీత నచ్చలేదు.

"గోడ ముట్టుకోకూడదంటే ఎలాగమ్మా? యువరాణి గోడమీద చెయ్యి వేసి నిలబడితే కదా అందం."

"ఆ గోడలో సున్నం లేదు సార్, అంతా మట్టైపోయింది. మధూలిక గారు గీత దాటితే నేను షాట్ ఆపించేస్తాను."

దర్శకుడు మొగము ముడుచుకొనెనే కాని యెదురాడలేదు. ఇది చూచి సింహాచలము అద్దము తుడుచుచు మీసములలో నవ్వుకొనెను.

"మేడమ్ గోరూ, డైరెట్రుగోర్నే అదిలించీసినావు. అచ్చం మీ అమ్మ పోలికే."

"నాన్నా, ఇక్కడ నన్ను నవ్వించకు. అందరూ చూస్తున్నారు."

పిమ్మట కెమెరా తిప్పి దృశ్యమును సాధకము చేసిరి. నాయిక నడచెను. కెమెరా తిరిగెను. త్రాడు చక్కగా జాఱెను. తక్కినవారెల్లరును పడమటిబండపై ఎక్కడివారక్కడనే చతికిలబడి వేరుసెనగలు నమలుచు చూచిరి. నిజముగా పట్టనప్పుడు ఎవడు ఫీల్డులో నున్న నేమి? అందుచే ఆ సాధకమున ఆపద యనునది మచ్చునకైనను కనబడలేదు. ఝాన్సీ మనసు కుదుటపడెను. ఇట్లు మనసు కుదుటపడుటయే యొక్కొకప్పుడు మనుష్యుని నట్టేట ముంచునని ఆ బిడ్డకు తెలియదు.

సూర్యుడు కొండకొమ్ముల కంటువేళకు అందఱును సిద్ధపడిరి. అనవసరపువారిని కొండక్రిందికి పంపివేయగా కెమెరావారు ధ్వనిపట్టువారు దీపములు మోయువారు దుస్తులామె సింహాచలము మాత్రము బురుజుపై మిగిలిరి. శేషసాయి పడమటిదెస కెమెరాకన్నునకు అందని బండచాటు డేరాలో కూర్చుండి యెదుటి తెరపై కన్నులు నాటెను. ఝాన్సీ మెట్లపై బండచాటున త్రాటికడ నిలిచి, ఎవరి కాలైనను త్రాటికి తగిలి నాయికను పడద్రోయునేమోయను భయముచే గొంతెత్తి కేకవేసెను.

"తాడుకి ఎవరూ అడ్డం రావద్దు. మెట్లమీదికి ఎవరూ దిగొద్దు. అందరూ కెమెరా వెనక్కి పొండి, వెనకే ఉండండి."

యాక్షనని దర్శకుని కంఠము వినవచ్చెను. బురుజుపై గాలియు కెరటముల రొదయు తక్క వేఱు సద్దు లేదు. నాయిక తూర్పున నుండగా కెమెరా వెనుకటివారందఱును పడమటిబండపై నుండిరి. ఆమె యుత్తరమునకు కదలగా వారును మునివ్రేళ్లపై దక్షిణమునకు జరిగిరి. ఆమె తెల్లని గీతకు లోపలగా నొక్కొక్కయడుగు నిడుచు పడమటిబండపైకి రాగా ఝాన్సీ త్రాటిని సడలించి, అమ్మయ్య, అని గుండెలనిండ గాలి పీల్చుకొనెను. నాయిక కొండబండపై నిలిచినది. ఇక నామెను భూకంపము సైతము కదల్పలేదు.

అప్పుడు ఝాన్సీ తల యెత్తి నాయిక భుజముమీదుగా ఎదురుగా నున్న కెమెరా వెనుకకు చూచెను. చూచి కొయ్యబాఱిపోయెను. నాయిక పడమట నుండగా కెమెరా వెనుకటి చోటు తూర్పు కాక మఱేది యగును? ఆ మనుష్యులందఱును తెల్లని గీత దాటి, గీత తమకు కాదు గదా యన్నట్లు దాటి, ఆ మట్టిగోడను వీపులతో నొత్తుకొని యొకరిపై నొకరు క్రిక్కిఱిసి యుండిరి. అందఱికంటె వెనుక, మోకాళ్లు మడిచి తల వంచి సంచిని ఱొమ్మునకు హత్తుకొని సింహాచలము గోడకు చేరగిలియుండెను. ఆయన భుజమువెనుకనుండి సన్నని దుమ్ము ధారగా రాలుచుండెను.

ఆమె నోరు తెఱచెను. దృశ్యము పట్టుచుండగా దగ్గుటయైనను నేరమైన లోకమున పెరిగిన పిల్ల యగుటచే, కట్ అని దర్శకుడు చెప్పువఱకు నోరెత్తరాదను నలవాటు గొంతులో నడ్డుపడి యొక్క ఊపిరికాలము ఆమెను పట్టియుంచెను. ఆ యొక్క ఊపిరికాలమే! పిమ్మట ఆమె కంఠము చీలునట్లఱచెను.

"నాన్నా, ముందుకి రా! అందరూ ముందుకి రండి!"

తక్కినవారు దిగ్గున ముందుకు దుమికిరి. దీపము నేలబడెను. దుస్తులామె బోరగిలబడెను. సింహాచలము సైతము వినెను. కూతురి గొంతు తండ్రికి వినబడకుండునా? ఆయన యొక కాలు ముందున కిడెను. ఎదుట కెమెరా యింకను తిరుగుచుండెను. ఇడిన కాలిని వెనుకకు తీసికొని, కట్ అను మాట వచ్చునేమోయని ఆయన డేరావంక చూచెను. గోడ విడిపోయెను. ఆయన యఱవలేదు. రాళ్లు క్రిందికి దొరలిన చప్పుడును దానివెనుక నొక చిన్న చప్పుడును మాత్రము వినబడెను.

దీనినంతయు నెదురుగా చూచినది మధూలిక. ఆమె మోము తెల్లబాఱి పెదవులు వణకి కన్నులు పెద్దవై నీరు దిరిగెను. డేరాలో తెరపై శేషసాయికి కనబడినది ఆ మోము మాత్రమే. ఎవరో యఱచినారని కోపమువచ్చినను ఆ కన్నులు చూచి యాయన పొంగిపోయెను.

"అబ్బ, ఏం చేసిందిరా ఈ పిల్ల! అరుపుకేముంది, డబ్బింగులో చూసుకోవచ్చు. కట్. షాట్ ఓకే."

అయ్యో, ఇట్టి మాటను విని భరింపవలసివచ్చిన కూతురు లోకమున మఱియొకతె యుండునా?

ఝాన్సీ యే త్రోవను దిగెనో యామెకే తెలియదు. వైద్యుడు వెంట పరుగెత్తెను. బండలపై అద్దపుముక్కల నడుమ గులాబిరంగు పౌడరు చల్లియున్న చోట సింహాచలము వెల్లకిలబడి యుండెను. వైద్యుడు నాడి చూచి చేయి విడిచి తల ద్రిప్పుకొనెను. ఝాన్సీ యేడువలేదు. తండ్రి మీసములపై పడిన పొడిని కొంగుతో తుడిచి, తుడిచినచోటనే మరల మరల తుడుచుచుండెను. కనబడువారికి త్రాళ్లును గీతలును వైద్యులును, కనబడనివారికి దైవమే దిక్కా? ఇట్టి యేర్పాటెవడు చేసెను? ఎవడును చేయలేదు. అందఱును మంచివారే. అందుకే నాకు మఱింత భయమగుచున్నది.

కొంతసేపటికి శేషసాయి మెట్టదిగి వచ్చెను. ఆయన క్రూరుడు కాడు. ఆ బండలకడ మోకరిల్లి చిన్నపిల్లవానివలె నేడ్చి, తుదకు ఝాన్సీ తలపై చేయివేసి తనకు తెలిసిన యోదార్పు పలికెను.

"నీ తప్పేం లేదమ్మా. నువ్వు చెయ్యాల్సిందంతా చేశావు. మధూలికకి గోరు కూడా విరగలేదు."

ఆమె కొంగు విడిచి ఆయనవంక చూచెను. పిమ్మట మెల్లగా పలికెను.

"పొద్దున నాన్న నన్ను అడిగాడు సార్, ఆ పిల్ల పడిపోదు కదా అమ్మా అని. పడదు అన్నాను. నేనెక్కడ నిలబడాలి అని ఆయన అడగలేదు. ఎక్కడ నిలబడతావని నేనూ అడగలేదు. వెనక్కి పొమ్మని కేకేసింది మాత్రం నేనే."

శేషసాయి చేయి యామె తలపైనుండి జాఱిపోయెను. చుట్టును మూగియున్న యూనిట్టువా రొక్కరొక్కరుగా తలవంచి తమ పాదములక్రింది నేలను చూచుకొనిరి.