పదకొండో వరుస

నేను కడిగి బోర్లించిన పళ్ళేలను అత్తగారు మళ్ళీ కడుగుతున్నారు. చప్పుడు కాకుండా కడుగుతారు. నాకు తెలిసినా నేనేమీ అనలేనని ఆవిడకి తెలుసు. ఈ రోజు మాత్రం ఒక పళ్ళెం తెచ్చి నా ముఖానికి దగ్గరగా పెట్టారు.

"ఈ అంచు చూడమ్మాయ్. జిడ్డు ఎక్కడిదక్కడే ఉంది."

నాకు పళ్ళెం తెల్లగా కనిపించింది. అంచు ఎక్కడ అయిపోయిందో, ఆవిడ వేలు ఎక్కడ మొదలైందో తెలియలేదు. "చూసుకోలేదత్తయ్యా" అన్నాను. కళ్ళలోంచి నీళ్ళు జారి గడ్డం దాకా వచ్చాయి.

ఆవిడ గొంతు తగ్గించారు. "పోయినవాళ్ళ కోసం ఇంకా ఎన్నాళ్ళు ఏడుస్తావు? ఉన్నవాళ్ళని కూడా కాస్త చూడు."

నేను ఏడవడం లేదు. నా చెల్లెలు పోయి ఏడు నెలలైంది. రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. అప్పటికి నాకు మూడో విడత కీమో ఎక్కుతోంది. చివరిచూపుకి వెళ్ళలేకపోయాను. ఏడవడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ కావాలని అప్పుడే తెలిసింది. దానికోసం నేను సరిగ్గా ఏడవనే లేదు. ఐదో విడతకి మందు మార్చారు. ఆరో విడత అయ్యాక కళ్ళు వాటంతటవే కారడం మొదలైంది. ముందు దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించాయి. ఎండలోకి వెళితే కంట్లో ఇసుక పోసినట్టు ఉండేది. తర్వాత అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఒరిగిపోసాగాయి. "కీమో అయిపోతే అదే సర్దుకుంటుంది, నాకూ అయింది" అని వార్డులో పక్క మంచం ఆవిడ చెప్పింది. ఆవిడకి సర్దుకుంది. నాకు కీమో ముగిసి మూడు నెలలు. రోజూ నిద్ర లేవగానే ఎదురుగోడ మీది గడియారం ముల్లు వెతుకుతాను. మొన్నటిదాకా పెద్ద ముల్లయినా దొరికేది.

ఇంట్లో అందరూ నేను చెల్లెలి కోసం ఏడుస్తున్నానని తేల్చేశారు. నేను కాదనలేదు. ఏడ్చే ఆడదానికి ఇంట్లో ఒక చోటుంది. కళ్ళు కనపడనిదానికి ఎక్కడ చోటుంటుందో నాకు తెలియదు. జబ్బు మధ్యలో ఒకసారి మావారు చుట్టాల ముందు, "జుట్టు పోయింది, రుచి పోయింది, ఇంకా ఏమేం పోతాయో ఒకేసారి చెప్పెయ్, రాసి పెట్టుకుంటాను" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన చెడ్డవారు కాదు. ఎనిమిది విడతలకీ సెలవు పెట్టి వెంట వచ్చారు. అందుకే ఇంకొకటి పోతోందని చెప్పడానికి నోరు రాలేదు. డాక్టరమ్మ ప్రతిసారీ "ఎలా ఉన్నారు?" అని నన్నే చూసి అడుగుతారు. జవాబు ఆయన చెబుతారు. "బాగానే ఉందండి. చెల్లెలు పోయింది కదా, ఆ ఏడుపొక్కటే." పోయినసారి ఆవిడ నిద్రమాత్రలు రాశారు. వేసుకుంటున్నాను. కలలో అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి.

బడిలో కూడా నెట్టుకొచ్చాను. పద్నాలుగేళ్ళుగా చెబుతున్న పుస్తకం, కంఠతా వచ్చు. పిల్లలనే ఒక్కొక్కరిని లేపి చదివించేదాన్ని. అది చూసి హెడ్‌మిస్ట్రెస్ మీటింగులో నన్ను మెచ్చుకున్నారు. "పిల్లల చేతే పాఠం చెప్పిస్తున్నారు, చూసి నేర్చుకోండి" అన్నారు. లెక్కల టీచరు నా వైపు తిరిగి అందరికీ వినపడేలా, "ఆ కిటుకేదో మాకూ చెప్పండి మేడమ్, మేమూ కాసేపు కూర్చుంటాం" అన్నాడు. ఆ మాటకి అందరితోపాటు నవ్వలేకపోయాను.

పోయిన వారం మార్కులు రిజిస్టరులో ఎక్కించాను. ఎప్పుడూ వరుస కింద స్కేలు పెట్టుకుని, ఒక్కో వరుసే కిందికి జరుపుతూ రాస్తాను. ఈసారి ఆ స్కేలు ఎక్కడ ఉందో కూడా వేలితో తడుముకోవలసి వచ్చింది. పదో నంబరు కుర్రాడి మార్కులు కింది వరుసలో కూడా పడ్డాయి. పదకొండో వరుస నుంచి చివరిదాకా ఒకరివి ఇంకొకరికి పోయాయి. ఆఖరున ఒక పేపరు మిగిలింది. ఎక్కడో తప్పు జరిగిందని అప్పుడే తెలుసు. వెనక్కి వెళ్ళి ఆ వరుసలన్నీ మళ్ళీ చూడాలంటే భయం వేసింది. ఆ పేపరును కట్టలో కలిపి తాడు కట్టేశాను.

పదో నంబరు కుర్రాడు తప్పాడు. పదకొండో నంబరు అమ్మాయి ఎప్పుడూ క్లాసులో మొదటిది.

నిన్న వాళ్ళమ్మ ఆ పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. "బాగా రాశానని మొత్తుకుందండీ. మేమే నమ్మలేదు. వాళ్ళ నాన్న..." అని ఆగిపోయింది. నేను పిల్లని దగ్గరకు రమ్మని చెయ్యి పట్టుకున్నాను. మోచేతికి పైన నా వేళ్ళు తగలగానే ఉలిక్కిపడి వెనక్కి లాక్కుంది. అక్కడ ఏముందో నాకు కనిపించలేదు. ఆ ఉలికిపాటు ఇంకా నా వేళ్ళలోనే ఉంది.

పేపర్లన్నీ తీసి మార్కులు సరిచేశారు. వాళ్ళు వెళ్ళాక హెడ్‌మిస్ట్రెస్ తలుపు దగ్గరగా వేశారు. "దుఃఖంలో ఉన్నారు, నాకు తెలుసు. ఎవరికైనా జరుగుతుంది. రెండు నెలలు ఇంట్లో ఉండండి. తర్వాత క్లాసు సంగతి చూద్దాం."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. "సరే మేడమ్" అన్నాను. నా తప్పు చచ్చిపోయిన చెల్లెలి మీద వేసి బయటపడ్డాను. మెట్లు దిగుతుంటే గోడ పట్టుకున్నాను. ఆఖరి మెట్టు అయిపోయిందనుకుని అడుగు వేస్తే, ఇంకొకటి ఉంది.

ఈ రోజు పళ్ళేలు అయ్యాక ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ ఎప్పటిలాగే అడిగారు. ఆయన ఎప్పటిలాగే అందుకున్నారు. "బాగానే ఉందండి, ఆ ఏడుపే..."

"ఏడుపు కాదు డాక్టరుగారూ" అన్నాను. "కళ్ళు వాటంతటవే కారుతున్నాయి. చూపు మసకబారింది. ఐదు నెలలుగా."

ఆయన నా వైపు తిరిగారు. ముఖంలో ఏముందో నాకు కనిపించలేదు.

"ప్రతిసారీ అడిగాను కదమ్మా" అన్నారు డాక్టరమ్మ.

"అడిగారు. నేనే చెప్పలేదు."

ఆవిడ టార్చి వేసి నా కనురెప్పలు కిందికి లాగి చూశారు. "ఐదో విడత నుంచి ఇచ్చిన మందు కొందరిలో కన్నీరు దిగే దారిని మూసేస్తుంది. మొదట్లోనే తెలిస్తే సన్నటి గొట్టం పెట్టి తెరిచి ఉంచేవాళ్ళు. ఇప్పుడు ఎంత మూసుకుందో కళ్ళ డాక్టరు చూడాలి. మసకకి వేరే కారణం కూడా ఉండొచ్చు. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

అరలోంచి ఒక అట్ట తీసి నా చేతికిచ్చారు. "ఎక్కడిదాకా కనిపిస్తే అక్కడిదాకా చదవండి."

పైన ఒక పెద్ద అక్షరం. దాని కింద రెండు. ఆ కింద నల్లటి చీమల బారు. అట్టను వెలుతురు వైపు తిప్పి చూశాను.

"మూడో వరుస నుంచి చదవలేను" అన్నాను.

"అదేంటి?" అన్నారాయన మెల్లగా. "పొద్దున పేపరంతా చదివావుగా?"

"లేదు" అన్నాను. "పేజీలు తిప్పాను."