రేడియేటర్‌కు తాగే నీళ్ళు

కుళ్ళాయప్ప మొహం మీదికి మరిగే నీళ్ళు చిమ్మడం బస్సులోని ఆడవాళ్ళందరూ చూశారు. ఆ అరుపు విన్నాక చెవులు మూసుకున్నవాళ్ళున్నారు గానీ, చూడనివాళ్ళు లేరు.

కదిరి దారిలో ఆ మిట్ట ఎక్కేటప్పుడు బండి ఉడకడం కొత్తేమీ కాదు. పల్లెల నుంచి ఆడకూలీలను గార్మెంట్స్ ఫ్యాక్టరీకి మోసే బస్సు అది. ఎప్పుడో ఏదో స్కూలువాళ్ళు వాడి వదిలేసిన డీజిల్ బండి. కాంట్రాక్టర్ దివాకర్ దానికి కొత్త రంగు వేయించాడు, సీట్లకు కొత్త గుడ్డ కుట్టించాడు, ఇంజన్‌ను మాత్రం దాని ఖర్మకు వదిలేశాడు. మిట్ట సగం ఎక్కేసరికి ముందు నుంచి ఆవిరి లేచేది. డ్రైవర్ కుళ్ళాయప్ప బండిని పక్కకు తీసి, "అమ్మా, నీళ్ళుంటే ఇయ్యండమ్మా" అని అడిగేవాడు. పనిచోట తాగడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న బోరు నీళ్ళ బాటిళ్ళు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ముందుకు పోయేవి. ఇంజన్ తాగేది, బండి కదిలేది. వీళ్ళు సాయంత్రం దాకా ఎండిన నోళ్ళతో కుట్టేవాళ్ళు. మనవాడు అడిగాడు, ఇచ్చాం అనుకున్నారే తప్ప అంతకు మించి ఎవరూ ఆలోచించలేదు.

ఆ రోజు ఆలస్యమైంది. గేటు మూస్తే సగం రోజు కూలి పోతుంది. "బిన్నా తీయప్పా మూత!" అని అందరూ అరిచారు. మారెక్క గొంతు అందరికంటే పెద్దది. ఇంజన్ చల్లబడేదాకా ఆగాలని కుళ్ళాయప్పకు తెలుసు. తెలిసీ, వాళ్ళ తొందర చూడలేక, గోనెపట్ట చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు.

మెడా, ఛాతీ, ఒకవైపు చెంపా బొబ్బలెక్కిపోయాయి. దివాకర్ జీపులో వచ్చి ముందు బండి చుట్టూ తిరిగి చూశాడు. ఆ తర్వాత మనిషిని చూశాడు. "వేడి మీద మూత తీయమని ఎవురు చెప్పినార్రా నీకు? నీ తప్పుకు నేనేం చేసేది? ఇంగ నా బండి ముట్టుకోవాకు" అన్నాడు. తీయమని అరిచినవాళ్ళంతా ఆటో కోసం రోడ్డు వైపు తిరిగారు. ఆటోలో కుళ్ళాయప్పను ఆసుపత్రికి పంపి, వాళ్ళు వేరే బస్సెక్కి పనికి పోయారు. రోజంతా కాలర్లు కుట్టినా మారెక్కకు ఒక్క కాలరూ గుర్తు లేదు.

మర్నాడు అదే బస్సు వచ్చింది. స్టీరింగ్ ముందు ఓబులేష్ అనే కొత్త డ్రైవర్. అదే మిట్ట, అదే ఆవిరి. ఓబులేష్ బండి ఆపి, మొహమాటపడుతూ వెనక్కి తిరిగాడు.

"నీళ్ళుంటే ఇయ్యండక్కా."

సంచుల్లోంచి బాటిళ్ళు బయటికొచ్చాయి. అలవాటు అంత గట్టిది. వెనక నుంచి ఒక బాటిల్ మారెక్క చేతికి అందింది. ఆమె దాన్ని ముందుకు ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"ఇయ్యక్కా, టైమైపోతాండాది" అంది వెనక సీట్లోని జ్యోతి. పనిలో చేరి నెల కూడా కాని పిల్ల.

"ఇయ్యను."

"నువ్వు ఇయ్యకుంటే ఇంగొకరు ఇస్తారు. ఏం సాధిస్తావే?" అంది పక్కనున్న బయమ్మ. ఆ బస్సులో అందరికంటే పెద్దది.

"సాధించేకి కాదత్తా. నాకు ఇంగ చాత కాదు. ఈ బండి ఇన్ని దినాలు నడిచింది మన నీళ్ళతోనే కదా? మనం పొయ్యకపోయింటే ఎప్పుడో ఆగిపోయుండు, ఆ దివాకర్ బాగు చేయించుండు. మనం మంచికని పోస్తిమి. వానికి అదే అనువైపోయ. నిన్న మూత తీయమని అరిసినోళ్ళం గూడా మనమే."

బయమ్మ ఓబులేష్ వైపు తిరిగి అడిగింది, "నీళ్ళు కాకుంటే దీనికి ఏం పొయ్యాలప్పా?"

"కూలెంటు పొయ్యాల అవ్వా. మన బోరు నీళ్ళు కాస్తే గిన్నెకు తెల్లగా కట్టదా? ఇంజన్ లోపలా అట్లే కడతాది. తుప్పు పడతాది. సన్న గొట్టాలన్నీ మూసుకపోతాయి. ఇంగ ఎన్ని నీళ్ళు పోసినా ఉడుకుతాది. పాత నీళ్ళంతా దించేసి, లోపల బాగా కడిగి, కూలెంట్లో ఉప్పు లేని బ్యాటరీ నీళ్ళు కలిపి పొయ్యాల. రెండేండ్లకొకసారి మార్చాల. నేను చేరేటప్పుడే అడిగినా. పోరా, బోర్లో నీళ్ళు లేవా అన్నాడు దివాకరన్న."

బస్సులో ఉడుకు భరించలేక అందరూ దిగారు. రోడ్డు పక్కన వాన రాక గిడసబారిన శనక్కాయ చేను. గట్టు మీద బస్సు నీడ పడినంత మేర కూర్చున్నారు. నాలుగింటికి లేచి, వంట చేసి, పిల్లలకు క్యారియర్లు కట్టి వచ్చిన ఒళ్ళు. ఒకసారి కూర్చున్నాక మళ్ళీ లేవబుద్ధి కాలేదు. పోరాటమంటే పిడికిళ్ళూ నినాదాలే అనుకునేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. అలిసిపోయిన మనుషులు ఇక లేవమని కూర్చున్నా అది పోరాటమే.

దివాకర్ బస్సులే ఇంకో మూడు వెనక వచ్చి ఆగాయి. "ఏమైందమ్మే?" అని అడిగినవాళ్ళకు జ్యోతి చెప్పింది. మొదట విసుక్కుంటూ చెప్పింది, రెండోసారి కోపంగా చెప్పింది. వాళ్ళ బండ్లు తాగేదీ వాళ్ళ బాటిళ్ళ నీళ్ళే. వాళ్ళూ దిగారు. డ్రైవర్లు బీడీలు ముట్టించి దూరంగా నిలబడ్డారు.

ఎండ నెత్తికెక్కేసరికి దివాకర్ వచ్చాడు. చేతిలో ఎర్రటి ద్రవం ఉన్న డబ్బా.

"ఇదో, కూలెంటు. చాలునా? పొయ్‌రా ఓబులేషూ. ఎక్కండమ్మా ఇంగ."

ఓబులేష్ డబ్బా తీసుకోలేదు. "అన్నా, పాతది దించకుండా పైన పోస్తే ఏం లాభం? పాత ఇంజన్ ఇది, దీనికి పచ్చది వాడతారు. లోపల ముందు ఏం పోసినారో ఏమో. రెండూ కలిస్తే గడ్డ కట్టినా కడతాది."

"నువ్వు నాకు చెప్పేటోనివైతివా?"

"వాన్నెందుకప్పా అదిరించేది? మేము చెప్తాండాం" అని మారెక్క లేచింది. మోకాళ్ళు పట్టేసి, బయమ్మ భుజం ఆసరాగా లేవాల్సి వచ్చింది. "నాలుగు బండ్లూ లోపల కడిగించు. కుళ్ళాయప్పకు మందులిప్పించి, పన్లోకి తీసుకో. అంతవరకు ఎక్కము. ఓబులేషూ, కింద నీళ్ళు దించే ట్యాపుంటాది కదా? తిప్పు."

ఓబులేష్ దివాకర్‌ను చూశాడు, ఆడవాళ్ళను చూశాడు. తర్వాత వంగి బండి కిందికి దూరాడు. చల్లారిన రేడియేటర్ నుంచి ఇటుక రంగు బురద కారింది. అందులో తెల్లటి పెళ్ళలు. బయమ్మ ఒక పెళ్ళను వేళ్ళతో నలిపి చూసి, "మన ఎముకల్ల గూడా ఇదే పడతాండాది" అంది.

దివాకర్ ఫోన్ చేశాడు. పేదవాడి ఇంట్లో దొంగతనమైతే పూట గడిచినా రాని పోలీసులు, అరగంటలో వచ్చారు.

"ఎవరే మీకు లీడరు?" అన్నాడు ఎస్సై.

"లీడర్లు ల్యారు సార్. చాతగానోళ్ళమే ఉండాం" అంది మారెక్క.

అందరిలో ఎక్కువ మాట్లాడింది ఆమే కాబట్టి ఆమెను జీపెక్కించారు. ట్యాపు తిప్పినందుకు ఓబులేష్‌ను కూడా ఎక్కించారు. "మిగతావాళ్ళు బుద్ధిగా ఆ మూడు బండ్లలో సర్దుకుని పోండి" అని ఎస్సై లాఠీతో దారి చూపించాడు. మారెక్కకు భయం వేసింది. ఇంట్లో తల్లికి ఎవరు చెప్తారు, సాయంత్రం పిల్లలకు అన్నం ఎవరు పెడతారు? వీళ్ళిప్పుడు ఎక్కేస్తారు, ఎక్కినా తప్పు లేదు అనుకుని జీపు వెనక నుంచి చూసింది.

ఎవరూ ఎక్కలేదు. బీడీ పారేసి ఒక డ్రైవర్ తన బండి కిందికి వంగాడు. ట్యాపు తిప్పి పక్కకు జరిగాడు. అతన్ని చూసి రెండోవాడు. మూడోవాడికి ధైర్యం చాలక దివాకర్ వైపే చూస్తూ నిలబడ్డాడు. జ్యోతి కొంగు నడుముకు చెక్కి ఆ బండి కిందికి తనే దూరింది. కాసేపు ఆమె కాళ్ళు మాత్రమే కనిపించాయి. మూడు బండ్ల నుంచీ ఎర్రనీళ్ళు మిట్ట మీద నుంచి పల్లానికి పారి, దివాకర్ చెప్పులు తడిపి, పోలీసు జీపు చక్రాల కిందికి వచ్చాయి.

"ఏయ్! కట్టెయ్! కట్టెయ్!" అని దివాకర్ ఒక బండి దగ్గర నుంచి ఇంకో బండి దగ్గరికి పరుగెత్తాడు. ఏ ట్యాపు ఎక్కడుంటుందో ఆ బండ్ల యజమానికి తెలియదు.

"ఇంగ అవి కదలవక్కా" అన్నాడు ఓబులేష్ మెల్లగా.

"వాళ్ళూ కదలరు" అంది మారెక్క. గట్టు మీద ఆడవాళ్ళు ఒకరినొకరు ఆనుకుని మళ్ళీ కూర్చుంటున్నారు.