పదుల స్థానం

"ఒక్కసారి ఇలా రా!"

పొద్దున్నే, ఉతికిన బట్టలు మడతపెడుతున్నదాన్ని, వదిలేసి వెళ్లాను. అత్తయ్యకి టీవీ రిమోట్ కనిపించలేదట. ఆవిడ ఒళ్లోనే ఉంది. వెనక్కొచ్చి దుప్పటి అందుకున్నానో లేదో మళ్లీ అదే కేక. ఈసారి నన్ను కాదు, వాళ్లబ్బాయిని పిలిచిందట. అయినా లేచింది నేనే. ఈ ఇంట్లో ఎవరికోసం పిలుపొచ్చినా మా ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా, "నిన్నేనోయ్" అంటారు. అదేం చిత్రమో, పెళ్లయిన దగ్గర్నుంచి నేనూ అది నిజమనే లేస్తున్నాను.

ఆఫీసులో నేను చేసే పనీ ఇంచుమించు ఇలాంటి పిలుపుల గురించే. చిప్పులు తయారుచేసే చోట ఇంజనీర్ని. నీళ్ల మీటరులో లెక్కపెట్టే సర్క్యూట్ నాది. చిటికెడంత బ్యాటరీతో అది ఏళ్ల తరబడి నడవాలి. మామూలుగా అయితే, లెక్క ఒకటి పెంచమనే సంకేతం, అదే టిక్కు, రాగానే అన్ని స్థానాలకీ వెళ్తుంది. ఒకట్ల స్థానం మారుతుంది, బాగానే ఉంది. పదులు, వందలు, వేలు మారే పని లేకపోయినా ఆ టిక్కుకి ఉలిక్కిపడి లేచి, 'ఓహో, మేం కాదా' అనుకుని కూర్చుంటాయి. ఆ లేచి కూర్చోవడానికే బోలెడు కరెంటు తగలడిపోతుంది. నేను చేసిందల్లా ఎవరు మారాలో వాళ్లకే టిక్కు పంపి, మిగతావాళ్లకి ఆపెయ్యడం. వాడకం సగానికి పడిపోయింది. అప్పట్నుంచీ ఆఫీసులో నా పేరు పొదుపు మేడమ్.

మధ్యలో ఒకసారి మాత్రం తల బొప్పి కట్టింది. టిక్కు ఎప్పుడు ఆపాలో చెప్పే తీగని చిప్పులోనే పక్కనున్న వేరే భాగం నుంచి తెద్దామని నా పక్క సీటాయన పట్టుబట్టారు. పరీక్ష పెడితే మీటరు తొమ్మిది దాకా చక్కగా లెక్కపెట్టి, మళ్లీ సున్నాకొచ్చి, మళ్లీ ఒకటి అంది. పదుల స్థానం హాయిగా నిద్రపోతోంది. దాని వంతు వచ్చిందని పక్కింటివాడికేం తెలుసు? లేవాలో వద్దో పదుల స్థానమే చెప్పేలా నేను తీగ మార్చాకే లెక్క కుదిరింది.

బట్టలు అలా వదిలేసి వెళ్లిన ఆ రోజే, ఆఫీసు మీటింగులో మా సార్ నన్ను తెగ మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత, మొత్తం చిప్పుకి లీడ్‌గా పక్క సీటాయన పేరు చదివారు. నేను నా పేరే అనుకుని సగం లేచి ఉన్నాను. అలాగే మళ్లీ కూర్చున్నాను.

సిగ్గు చంపుకుని సార్ గదికి వెళ్లాను. "నాలో లోపమేంటో చెప్పండి సార్, దిద్దుకుంటాను."

ఆయన తెల్లబోయారు. "లోపమేంటమ్మా? మీకు ఇంటి పనితో కుదరదని మీ ఆయనే చెప్పారుగా! భోజనాల దగ్గర. పోయినసారి శిక్షణకి పంపుదామన్నప్పుడూ ఆయనే వద్దన్నారు. మీరే చెప్పమన్నారేమో అనుకున్నాను."

మా ఆయనదీ ఇదే కంపెనీ, పై అంతస్తు. శిక్షణకి నా పేరు రాలేదని నేను బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చిన రోజు, బయటికొచ్చాక ఆయన నా వీపు నిమిరారు. "పోనీలే, వాళ్లకి నీ విలువ తెలీదు" అన్నారు. నేను ఆ చెయ్యి పట్టుకుని ఇంకా ఏడ్చాను. ఆ చెయ్యే! నాకంత తెలివి లేదేమోనని ఇన్నాళ్లూ పుస్తకాలు ముందేసుకుని చదివాను. ఎంత పిచ్చిదాన్ని!

"మించిపోయిందేం లేదు," అన్నారు సార్. "మీ ఆయన చేత ఒక్క మాట చెప్పించండి, మార్చేద్దాం."

"నేను చెప్తున్నాను కదా సార్."

"అది కాదమ్మా, ఆయన కూడా ఓ మాటంటే..."

ఒళ్లు మండిపోయింది. "మీరీ కుర్చీలో కూర్చునేముందు మీ ఆవిడ చేత ఎవరికి చెప్పించారు సార్?" అన్నాను. ఆయన దగ్గారు. అక్కడే నిలబడి ఆయన పైనున్న డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. ఈ చిప్పు నేను నడపగలనన్నాను. "రేపు పొద్దున్నే వచ్చి ఎలా నడుపుతారో చూపించండి. అప్పుడు తేలుస్తా," అన్నారాయన.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచాను. పొద్దున వదిలేసిన బట్టలు మంచం మీద అలాగే ఉన్నాయి. మా ఆయన వచ్చి వాటినీ నన్నూ చూశారు.

"సార్‌కి చెప్పింది మీరేనా?" అన్నాను.

కాస్త తడబడినా నవ్వేశారు. "నీ మీద భారం పడకూడదనేగా! అయినా ఇది నీ పద్ధతేనోయ్. అక్కర్లేని చోట ఆపెయ్యడం."

చెంప మీద కొట్టినట్టయింది. నా పనిని ఆయన అంత బాగా అర్థం చేసుకున్నారని నాకు తెలీదు.

"నాకు అక్కర్లేదని మీకెవరు చెప్పారు?"

"సరే, అంత కోపమెందుకు? రేపు నేనే మాట్లాడి నీకు ఇప్పిస్తాలే."

"వద్దు. నా గురించి మీరింకెక్కడా నోరెత్తొద్దు. అటు కాదనడానికీ, ఇటు ఔననడానికీ."

ఆయన నవ్వు ఆగిపోయింది. అప్పుడే లోపల్నుంచి అత్తయ్య కేక. "ఒక్కసారి ఇలా రా!"

అలవాటుగా నా కాళ్లు కదిలాయి. కుర్చీ కింద రెండు పాదాలూ మెలేసుకుని కూర్చున్నాను.

"నిన్నేనోయ్," అన్నారు మా ఆయన.

"కాదండీ," అన్నాను స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా. "ఈసారి మారాల్సింది మీరు."