లోపల మనిషి ఉండాలి

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడక్కుండానే చోటిచ్చిన యజ్ఞనారాయణ గారి సంగతి ప్రియదర్శిని మొదటిరోజే ఆలోచించాల్సింది. కానీ మట్టి బొమ్మలు చేసేదానికి ఈ ఊళ్ళో చోటు దొరకడం మాటలా? నిజాంపేటలో ఇంటివాళ్ళు మెట్ల మీద బురద చూసి వెళ్ళగొట్టారు.

హఫీజ్‌పేట్ స్టేషన్ వెనక ఆయనకో పెద్ద హాస్టల్ ఉంది. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇళ్ళ నుంచే పని చేయడం మొదలెట్టాక మూతపడింది.

"ఖాళీగా పడి ఉండడం దేనికమ్మా? మీలాంటి కళాకారులుంటే కళకళలాడుతుంది. అద్దె మీకు తోచినంత ఇవ్వండి. మనిషి మాత్రం ఎప్పుడూ లోపల ఉండాలి" అన్నారాయన.

దేవుడిలాంటి మనిషి అనుకుంది. కింది హాల్లో నిలువెత్తు బొమ్మ మొదలెట్టింది, బస్సు కోసం నిలబడ్డ ముసలమ్మ. ఇంత పెద్ద పని చేయడం ఆమెకిదే మొదలు.

నిన్న మధ్యాహ్నం నలుగురు కారు దిగి, నేరుగా హాల్లోకొచ్చారు.

"ఎవరు పెట్టిన్రమ్మా నిన్నిక్కడ?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

"ఓనర్ సారు."

"వాడేం ఓనర్? ఈ జాగ మాది, కేసు నడుస్తుంది. ముసలోడు గిట్లనే మనుషుల్ని తెచ్చి కూసోబెడ్తడు. నీకంటే ముందు వాచ్‌మన్‌ను పెట్టిండు. వాని కాలు ఇంక అతుకలే."

మెల్లగా చెబుతూనే, తడి బొమ్మ చెంపలో బొటనవేలు లోపలిదాకా దించాడు. "రేపు మధ్యాహ్నం మళ్ల వస్తం. జర చూస్కో."

వాళ్ళు వెళ్ళాక యజ్ఞనారాయణకు ఫోన్ చేసింది.

"భయపడకండమ్మా, బయటికి మాత్రం వెళ్ళకండి. లోపల మనిషుంటే వాళ్ళేం చెయ్యలేరు. మీకు తోడుగా రేపు ఇంకొకరిని తెస్తాను" అన్నారాయన.

అంటే కుక్కను పెంచే ఖర్చు కూడా లేకుండా తనను కాపలా పెట్టాడన్నమాట. పెద్దమనిషి! పోదామంటే ఎక్కడికి? తడి మట్టిని కదిలిస్తే ముక్కలవుతుంది. ఈ చోటు పోతే ఇక మట్టి ముట్టుకునేది లేదు. రాత్రంతా గేటు చప్పుడైనప్పుడల్లా లేచి చూసింది.

ఈ పొద్దున మళ్ళీ గేటు చప్పుడైంది. చేతికందిన పార పట్టుకుని నిలబడింది. వచ్చింది యజ్ఞనారాయణే. వెంట ఓ అమ్మాయి, చంకలో పాప.

"సంయుక్త అండి, కలంకారీ వేస్తుంది" అని చెప్పి, పై గది తాళం తీయడానికి ఆయన మెట్లెక్కాడు.

సంయుక్త దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "అక్కా, ఇంత తక్కువకి ఇస్తున్నారంటే ఏదో అనుమానంగా ఉందండి. పాపతో ఒక్కదాన్నే ఉండాలి. ఇక్కడ భయమేం లేదు కదా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఈ పిల్ల ఇటునుంచి ఇటే పోతుంది. ఆ నలుగురొచ్చేసరికి తానొక్కతే మిగులుతుంది.

ప్రియదర్శిని పార కింద పెట్టి, చేతులు తుడుచుకుని, పాపను ఎత్తుకుంది.

"ఏం ఫికర్ లేదు చెల్లె" అంది. "సామాను తెచ్చుకో. మధ్యాహ్నం లోపలనే వచ్చెయ్."