ఈ ఏడాది గుడిసెలు విప్పం

ఆ రోజు దశరథరామయ్య తోటలో మేం పదహారు కుటుంబాల వాళ్ళం ఉన్నాం. ఇక్కడ ఎవరూ లేరని ఆయన మా ముందే చెప్పాడు.

1960 వేసవి అది. మిగులు భూమి లాక్కునే సీలింగు చట్టం వస్తుందన్న మాట పుట్టేసరికి నూజివీడు చుట్టుపక్కల భూస్వాములకు నిద్ర కరువైంది. ముసునూరు దారిలోని మా తోటను దశరథరామయ్య బేరం పెట్టాడు. బెజవాడ నుంచి రైసుమిల్లు ఆసామి కారులో దిగాడు. మామిడి ఏ నెలలో పూస్తుందో కూడా ఆయనకు తెలియదు. అందుకని తెలిసినవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. ఆయన ప్లీడరు గుమాస్తా రామచంద్రమూర్తి. భూములు కొనేవాళ్ళకు సలహాలు చెప్పి బతుకుతాడు.

చెట్టు కింద కుర్చీలు వేశారు. జోజమ్మత్త రసాలు కడిగి పళ్ళెంతో నిలబడింది. నేను పక్కనే గంపల్లో వరిగడ్డి పరుస్తున్నాను.

"కొనేముందు కాగితాలు ఎవరి పేర ఉన్నాయో చూడాలండీ," అన్నాడు గుమాస్తా. "ఎండాకాలం బావిలో నీళ్ళుంటాయా, రోడ్డెంత దూరం, అదీ చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, భూమ్మీద ఎవరున్నారని. మనుషులు పాతుకుపోయిన భూమి ఊరికే ఇచ్చినా వద్దండీ. కోర్టుల చుట్టూ తిరగలేం."

మిల్లు ఆసామి మా గుడిసెల వైపు చూశాడు. "మరి ఇక్కడ ఎవరుంటున్నారు?"

"ఎవరూ లేరండీ," అన్నాడు దశరథరామయ్య, టెంక చీకుతూ. "కావలి జనం. కోత కాగానే వాళ్ళ గుడిసెలు వాళ్ళే విప్పుకుని డెల్టాకి నాట్లకి పోతారు."

"అయితే ఆషాఢంలో రిజిస్ట్రీ పెట్టుకుందాం," అన్నాడు గుమాస్తా మిల్లు ఆసామితో. " తోట ఖాళీగా ఉంటుంది. వెంటనే కంచె వేయించేయండి, మళ్ళీ అడుగు పెట్టనివ్వకండి."

"ఆషాఢం శూన్యమాసం కదయ్యా?" అన్నాడు మిల్లు ఆసామి.

"చట్టానికి శూన్యమాసం లేదండీ," అని నవ్వాడు గుమాస్తా.

జోజమ్మత్త పళ్ళెం చెట్టు మొదట్లో దించేసింది. వాళ్ళు కూర్చున్న చెట్టు మొక్కగా ఉన్నప్పుడు మూడు వేసవులు కావిడితో నీళ్ళు మోసింది ఆమె, ఆమె మొగుడు. ఆ మొగుడు ఈ తోటలోనే పాము కరిచి పోయాడు. అటువంటి మనిషిని ఎదురుగా నిలబెట్టుకుని లేదన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం అన్నాల వేళ అందరం చేరాం. విన్నదంతా జోజమ్మత్తే చెప్పింది.

తాటాకుకు చెదలు పట్టకుండా, నాట్లకు పోయేముందు గుడిసె విప్పి కట్టగట్టి పెట్టడం మా తాతలనాటి అలవాటు. జాగ్రత్త అనుకున్నాం. ఏటా మా చేతులతో మేమే మా ఆనవాలు తుడిచేసుకున్నామని ఆ గుమాస్తా నోట వినేదాకా మాకు తెలియలేదు.

"ఈ ఏడు విప్పొద్దు," అంది జోజమ్మత్త.

సాంబయ్య లేచాడు. "విప్పకుండా పోతే పీకేత్తాడు. పోకుండా ఉంటే నాట్లెవరేత్తారు? ఆ కూలి గింజలు రాకపోతే ముగ్గురు పిల్లలకి ఏం పెట్టమంటావు?"

వ్యవసాయ కూలీ సంఘం మీటింగుల్లో నేర్చుకున్న మాటలు నా దగ్గర చాలానే ఉన్నాయి. సాంబయ్య ప్రశ్నకు ఒక్కటీ పనికిరాలేదు. సిగ్గుపడ్డాను.

జోజమ్మత్త కోడలు లీదియా ముందుకొచ్చింది. "సగం మంది పోండి, సగం మంది ఉంటాం. తెచ్చిన గింజలు పదహారు పొయ్యిలకీ పంచుదాం."

"నేను బురదలో నడుం విరగ్గొట్టుకుని నీకెందుకు పెట్టాలే?"

"నీ గుడిసె ముందు లాఠీ దెబ్బలు నేను తింటా గనక!"

చాలాసేపు అరుచుకున్నాం, తిట్టుకున్నాం. చివరికి సాంబయ్యే ముందుగా డెల్టాకు బయల్దేరాడు, తన గుడిసె తాళ్ళు ఇంకోసారి బిగించి.

ఆషాఢంలో కారు వచ్చింది. దాని వెనక పోలీసు వ్యాను. మేం పదహారు పొయ్యిలూ రాజేశాం. పోయినవాళ్ళ పొయ్యిలు కూడా.

"ఇక్కడ ఎవరుంటున్నారు?" అని ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

"మేం ఉంటన్నాం!"

ఆ కేకకు మిల్లు ఆసామి కారు దిగనే లేదు. గుమాస్తా ఆయన చెవిలో ఏదో చెప్పాడు. కారు వెనక్కి తిరిగింది.

దశరథరామయ్య మొహం నల్లబడింది. ఆ కోపం లాఠీలై మా మీద పడింది. లీదియా చెయ్యి విరిగింది. గడపలో కూర్చున్న జోజమ్మత్తను ఈడ్చి వ్యానెక్కించి, ఆమె గుడిసె నేలమట్టం చేశారు.

మూడోనాడు నూజివీడు సబ్‌జైలు కిటికీ దగ్గర ఆమెను చూశాను. పెదవి చిట్లి ఉంది.

"నా గుడిసె?" అంది.

"పొద్దుగూకక ముందే లేపాం అత్తా. లీదియా ఒంటిచేత్తోనే నీ పొయ్యి ముట్టించింది."

కళ్ళు తుడుచుకుంది. "ఆ మిల్లాయన?"

"విస్సన్నపేట దారిలో తోటలు చూడబోయాడంట. మన సంగతి ముందే తెలిసి అక్కడా ఎవరూ గుడిసెలు విప్పలేదు."

ఇక చాలు పొమ్మని జవాను నన్ను నెట్టాడు. ఆమె ఊచలు పట్టుకుని కేకేసింది: "ఆ గుమాస్తా కనపడితే చెప్పరా! ఏ తోటకెళ్ళి అడిగినా అక్కడ మనమే ఉన్నామని!"