ఇస్త్రీపెట్టె పొదిగిన గుడ్లు

టైగ్రిస్ నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఎంత గాలించినా, తీగ వంక ఒక్క చూపు చూసి అందులో ఎంత కరెంటు పారుతోందో చెప్పగల మొనగాడు ఒక్కడే. మా మోసుల్ దర్జీ ధన్నూన్. ఈ మాట మీద నా మీసం పందెం.

ఆ వసంతంలో ధన్నూన్ భార్య నజ్లా గుడ్లు పొదగేసింది. యుద్ధం రోజుల్లో ఇల్లు వదిలి పోయినప్పుడు వాళ్ల పెద్దబాతుల మంద కాస్తా ఎటో పోయింది. ఆ జాతిది ఒక్క జత మాత్రం పల్లెలో ఆమె చెల్లెలి దగ్గర మిగిలింది. తీరా గుడ్ల మీద కూర్చున్న తల్లిబాతును నక్క ఎత్తుకుపోయింది. ఆ గుడ్లే ఇప్పుడు నజ్లా చేతికొచ్చాయి. ఇవి చల్లబడితే ఆ జాతి ముచ్చట అంతటితో సరి. అందుకని చెడిపోయిన ఫ్రిజ్జులో హీటర్ తీగ బిగించి, గుడ్లు లోపల పేర్చింది.

సర్కారు కరెంటు ఉన్నంతసేపూ బాగానే నడిచింది. అది పోతే వీధి జనరేటరే దిక్కు. మా దగ్గర ఎవరి లైను ఎన్ని ఆంపియర్లో అదే వాళ్ల హోదా. వీళ్లది మూడు. హీటర్ వెయ్యగానే ఆ మూడు దాటి, వీధి చివర బోర్డులో వీళ్ల బ్రేకర్ టప్పున పడిపోతుంది. దాన్ని మళ్లీ ఎత్తాలంటే జనరేటర్ నడిపే ఖలఫ్ దగ్గరికి నడవాలి.

"ఏం బాబాయ్, మళ్లీనా? ఇక్కడే ఓ మంచం వేయించనా?" అన్నాడు ఖలఫ్.

ధన్నూన్‌కి రోషం వచ్చింది. ఇంటికొచ్చి కత్తెర తీశాడు.

"తీగ పొడుగైంది. సగం కత్తిరిస్తే సగం కరెంటే తింటుంది. సగం గుడ్డకి సగం దారమే కదా పట్టేది."

"నీ కత్తెరకి లోకమంతా గుడ్డే" అంది నజ్లా. "ఆ గుడ్లు చల్లబడితే నిన్నే కూర్చోబెట్టి పొదిగిస్తా, చూసుకో."

తీగ సగమైంది. స్విచ్చి మీంచి వేలు తీయకముందే బ్రేకర్ పడింది. ఈసారి పెద్ద చప్పుడు విని ఖలఫే మీటర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. నజ్లా గుడ్లను బొంతలో చుట్టి, చుట్టూ వేణ్ణీళ్ల సీసాలు పెట్టింది. అవి ఎంతసేపు ఆగుతాయో ఆమెకూ తెలియదు.

ఖలఫ్ వాళ్ల లైనును కాసేపు పెద్ద బ్రేకర్ మీదికి మార్చి కొలిచాడు. "రెండొందల వోల్టులు, ఎనిమిది ఆంపియర్లు. గుణిస్తే పదహారు వందల వాట్లు. గుడ్లు పొదుగుతున్నావా బాబాయ్, రొట్టెలు కాలుస్తున్నావా?"

తెగిన ముక్క మళ్లీ కలిపి కొలిస్తే నాలుగే ఆంపియర్లు.

ధన్నూన్ జేబులోంచి దర్జీసుద్ద తీసి ఫ్రిజ్జు తలుపు మీద లెక్క వేశాడు. రెండొందల్ని ఎనిమిదితో భాగిస్తే, కరెంటుకి తీగ పెట్టే అడ్డు ఇరవై అయిదు ఓములు. నాలుగుతో భాగిస్తే యాభై.

"అంటే పొడుగు తగ్గిస్తే అడ్డు తగ్గుతోంది" అన్నాడు నెమ్మదిగా. "ఇరుకు సందు లాంటిదన్నమాట. సందు పొట్టిదైతే జనం తోసుకొచ్చేస్తారు. నేను చెయ్యాల్సింది కత్తిరించడం కాదు, అతుకు వెయ్యడం."

బల్బుకీ ఫ్యానుకీ ఒక ఆంపియర్ వదిలేస్తే హీటర్‌కి మిగిలేది రెండు. రెండొందల్ని రెండుతో భాగిస్తే వంద ఓములు. అంటే ఇంకో యాభై కావాలి. ఆ రోజు శుక్రవారం, మాకు సెలవు. కొట్లన్నీ మూసి ఉన్నాయి.

నజ్లా మేకుకు వేలాడుతున్న పాత ఇస్త్రీపెట్టె వైపు చూసింది. ఎందరు పెళ్లికొడుకుల కోట్లకు మడత పెట్టిందో అది. ధన్నూన్ దుకాణం మూసినప్పటి నుంచీ దాన్నెవరూ కదపలేదు.

"అదా" అన్నాడు ధన్నూన్.

"అదే. ఊరికే వేలాడి వేలాడి దానికీ విసుగెత్తి ఉంటుంది, నీలాగే."

దాన్నీ కొలిచారు. నాలుగు ఆంపియర్లు. సరిగ్గా యాభై ఓములు. హీటర్ తీగ చివర ఇస్త్రీపెట్టెను తగిలించి, కరెంటు ఒకదాని తర్వాత ఒకదానిలోంచి పోయేలా చేశారు. మీటర్ రెండు చూపింది. మొత్తం నాలుగొందల వాట్లు, చెరి సగం. ఇస్త్రీపెట్టె మునుపటిలా కణకణలాడలేదు. కోపం చల్లారిన ముసలివాడిలా నెమ్మదిగా వేడెక్కుతూ కూర్చుంది. ఖలఫ్ లైను మళ్లీ మూడు ఆంపియర్ల బ్రేకర్‌కి మార్చి, చెవి వీధి చివరకే పెట్టి టీ తాగాడు. టప్పుమనలేదు. ఫ్రిజ్జులో థర్మామీటరు మెల్లగా పైకి పాకింది. నజ్లా గుడ్లను ఒక్కొక్కటే లోపల పెట్టింది.

"ఇక నీ కాళ్లకి సెలవు బాబాయ్" అన్నాడు ఖలఫ్.

చూపుతో కరెంటు కొలిచే మొనగాడు అన్నానే, ఇతనే. మొదట కాస్త పెంచి చెప్పకపోతే మీరు కూర్చునేవారా? మీసం మాత్రం అడక్కండి, నాకు మొలిచిందే అంతంత మాత్రం.

కొన్నాళ్లకి గుడ్లు పగిలాయి. రెండు మురిగిపోయినా, తక్కినవన్నీ పసుపు ఉండల్లా బయటికొచ్చాయి. మొదటి పిల్ల కళ్లు తెరవగానే ఇస్త్రీపెట్టెను తల్లి అనుకుని, నజ్లా దాన్ని ఎటు తీసుకెళితే అటు నడిచింది.

సరే, ఈ చివరిది నేనే కుట్టిన అతుకు. లెక్క నిజం, బాతులు నిజం. పిల్ల నడిచింది ఇస్త్రీపెట్టె వెనక కాదు, ధన్నూన్ వెనక. అలా అని చెబితే అతను నాకు టీ పోయడు.