అమ్ముడుపోని డెల్‌రాయ్

సీజన్ మధ్యలో డెల్‌రాయ్ పెటిఫర్డ్‌ని అమ్మేయడం జట్లకి అలవాటే, అమ్ముడుపోవడం అతనికీ అలవాటే. పద్నాలుగేళ్ళలో ఏడు జట్లు మారాడు. పెట్టె సర్దడంలో అతన్ని మించినవాడు ఈ బాస్కెట్‌బాల్ లీగ్‌లో లేడు. బంతి ఆడటంలో మించినవాళ్ళంటారా, జట్టుకో డజను మంది దొరుకుతారు. ఇది గిట్టనివాళ్ళు అన్న మాట కాదు. అతనే పెళ్ళాంతోనూ, విలేకరులతోనూ, జుట్టు కత్తిరించేవాడితోనూ చెప్పుకుని పడీపడీ నవ్వుతుంటాడు.

కానీ ఈసారి మాత్రం పోవాలని లేదు. ఇప్పుడున్న జట్టు సిన్సినాటి స్టీమర్స్ పట్టికలో అందరికంటే పైనుంది. ఈ ఏడు కప్పు మనదేనని ఊరు ఊరంతా ఊగిపోతోంది. ముప్ఫై ఆరేళ్ళొచ్చి, మోకాళ్ళు రెండూ రేపో మాపో రాజీనామా ఇచ్చేలా ఉన్న టైములో, డెల్‌రాయ్ మొట్టమొదటిసారి గెలిచే జట్టులో పడ్డాడు. బెంచీ మీదైతేనేం? కప్పు గెలిస్తే బెంచీ మీదవాడికీ ఉంగరం ఇస్తారు. ఆ ఉంగరం ఒక్కటి వేలికెక్కితే చాలు, ఆట మానేసి, ఈ ఊరివాళ్ళలా స్పగెటీ మీద చిల్లీ అనే మాంసం కూర పోసుకుని తింటూ సుఖంగా లావెక్కుదామని అతని కోరిక.

గెలిచే జట్టుతోనే ఉంది చిక్కంతా. వాళ్ళకి ఉన్నది చాలదు. ఫిబ్రవరి వచ్చేసరికి ఇంకొక్కడుంటే కప్పు ఖాయం కదా అనిపిస్తుంది. ఆ ఒక్కడు రావాలంటే ఇక్కణ్ణించి ఇంకొకడు పోవాలి. ఆటగాళ్ళని మార్చుకోడానికి రేపు మధ్యాహ్నంతో గడువు అయిపోతుంది. దూరం నుంచి బంతి వేసే మొనగాడి కోసం మేనేజర్ హాల్వర్సన్ వారంరోజులుగా ఫోను చెవికి అతికించుకునే తిరుగుతున్నాడు.

ఇలాంటి రోజుల్లో జనం బంతిని చూడరు, బెంచీని చూస్తారు. ఆట మధ్యలో ఒకణ్ణి ఉన్నట్టుండి బయటికి పిలిచారా, తోటివాళ్ళు వరసగా వాణ్ణి కౌగిలించుకుంటున్నారా, ఇక వాడు అమ్ముడైపోయినట్టే. అసలు కబురు తర్వాత ఎప్పుడో వస్తుంది, కౌగిలింతలే ముందు.

ఆ సాయంత్రం ఆట మూడో భాగంలో ఉండగా హాల్వర్సన్ మెట్లు దిగొచ్చి కోచ్ కోస్మిన్‌స్కీ చెవిలో ఏదో గొణిగాడు. కోచ్ తలూపి, కోర్టు వైపు చూసి, "పెటిఫర్డ్! బయటికి రా!" అని కేకేశాడు.

ఇంకేముంది, తన పని అయిపోయిందనుకున్నాడు డెల్‌రాయ్. కాళ్ళీడ్చుకుంటూ బెంచీ దగ్గరికొచ్చేసరికి టవారిస్ లేచి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, నిరుడే జట్టులో చేరాడు. అన్నా అన్నా అంటూ డెల్‌రాయ్ వెంటే తిరుగుతాడు, విమానంలో అతని పక్క సీటు కోసం పోట్లాడతాడు.

"అన్నా, నువ్వేనా?"

"నేనేరా. ఇంకెవరుంటారు?"

"ఏ ఊరు?"

"ఏదో చలి చంపేసే ఊరే అయ్యుంటుందిలే. నా మొహానికి సముద్రం పక్క ఊరు రాసిపెట్టి ఉందా?"

టవారిస్ అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు. "ఉంగరం కొడితే నీ పేరు చెప్పే పెట్టుకుంటానన్నా," అన్నాడు. అది చూసి మిగతావాళ్ళూ ఒక్కొక్కరే లేచి వరస కట్టారు. అదిగో, టీవీ కెమెరా తిరిగింది. డెల్‌రాయ్ పేరు కూడా సరిగ్గా పలకలేని జనం లేచి నిలబడి ఒకటే చప్పట్లు!

ఇక మనవాడు ఆగుతాడా? కళ్ళనీళ్ళు ధారగా కారుతుంటే గుండె మీద చెయ్యేసుకున్నాడు. నాలుగు దిక్కులకీ ముద్దులు విసిరాడు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది, కోర్టు అంచున మోకరిల్లి నేలని తాకాడు. దిగడమైతే దిగాడు గానీ లేవడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరొచ్చి చంకల్లో చేతులేసి లేపాల్సొచ్చింది.

కోచ్ వెనక్కి తిరిగి చూశాడు. "ఏమయ్యా, ఏంటీ గోల?"

"వెళ్ళొస్తాను కోచ్. మీరు చేసిన మేలు మర్చిపోను."

"ఎక్కడికెళ్తావ్?"

"అది మీరే చెప్పాలి."

"నా బొంద! నీ పక్కనించి అవతలి జట్టువాడు వరసపెట్టి దూరిపోయి బుట్టలో వేసుకుంటుంటే, పెళ్ళికొచ్చినవాళ్ళని లోపలికి పంపేవాడిలా దారిచ్చి నిలబడ్డావ్. అందుకు పిలిచాను. కూర్చో!"

డెల్‌రాయ్ కూర్చుని నెత్తిమీద తువ్వాలు కప్పుకున్నాడు. చప్పట్లు సన్నగిల్లి నవ్వులయ్యాయి. జన్మలో ఒక్కసారి జనం లేచి నిలబడితే, అవీ పొరపాటు చప్పట్లే అయ్యాయి. అయినా ఆ తువ్వాలు కింద అతనికి నవ్వాగలేదు. అమ్మలేదు! తనని అమ్మలేదు!

హాల్వర్సన్ వచ్చి వంగాడు. "నిన్ను అమ్మేశామని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. నేనే అనుకున్నా."

హాల్వర్సన్‌కి అబద్ధమాడే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. "అమ్మాలనే చూశాం డెల్‌రాయ్. వారం నుంచీ నీ పేరే చెప్తున్నాం. ఊరికే ఇస్తామన్నా వద్దన్నారు," అని, పక్కనున్న భుజం తట్టాడు. "టవారిస్, ఒకసారి లోపలికి రా బాబూ."

ఈసారి బెంచీ మీంచి ఒక్కడూ లేవలేదు. ఒకసారి ఏడ్చి నవ్వులపాలైనవాళ్ళు మళ్ళీ ఎందుకు లేస్తారు? ఇదీ ఉత్తదే అనుకున్నారు. కుర్రాడు ఒంటరిగా లోపలికి నడిచిపోయాడు. సంగతి డెల్‌రాయ్‌కి కాసేపటికి గానీ బుర్రకెక్కలేదు. ఎక్కగానే తువ్వాలు విసిరేసి, కోచ్ అరుస్తున్నా వినిపించుకోకుండా వాడి వెనక పరిగెత్తాడు.

లోపల టవారిస్ బూట్లు సంచిలో కుక్కుతున్నాడు. డెల్‌రాయ్ అరలో ఫోను మోగుతోంది. పెళ్ళాం రెనీటా.

"టీవీలో చూశాను. సూట్‌కేసులు దించేశా. ఏ ఊరు, ఉన్ని కోట్లు పెట్టనా?"

"మళ్ళీ పైకెక్కించెయ్. మనం వెళ్ళట్లేదు," అని పెట్టేశాడు. ఆ మాట ఎంత కులాసాగా వచ్చిందో తన చెవులకే వినిపించి తల దించుకున్నాడు.

టవారిస్ తలెత్తి చూశాడు. "అన్నా, నిజం చెప్పు. ఉండిపోతున్నందుకు నీకు సంతోషంగా ఉంది కదూ?"

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో డెల్‌రాయ్‌కి కంఠతా వచ్చు. ఊళ్ళు మారినప్పుడల్లా తనకి జనం చెప్పినవే. అన్నీ మంచికే, ఇది వ్యాపారం, మనం ఎప్పటికీ అన్నదమ్ములమే. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"ఉందిరా. సిగ్గులేకుండా ఉంది. నన్నెవరూ కొనలేదు గనక నిన్నిచ్చేశారు. అయినా సంతోషంగానే ఉంది."

టవారిస్ మిగిలిన బూటు కూడా సంచిలో కుక్కాడు. తర్వాత సంచి జిప్పు లాగాడు.

"అయితే గెలవండన్నా. మీరు గెలవకపోతే నన్ను ఉత్తపుణ్యానికి అమ్మేసినట్టవుతుంది."

డెల్‌రాయ్ సరేనన్నాడు. ఆటకి ఆరేడు నిమిషాలు, అదీ కోచ్ చేత తిట్లు తింటూ ఆడే మనిషి, ఏ మొహం పెట్టుకుని ఆ మాటిచ్చాడో అతనికే తెలీదు.